యోంగ్‌బ్యోన్ పునఃశుద్ధి కేంద్రంలో తనిఖీలు

సభకు నమస్కారం. ఉత్తర కొరియాలోని యోంగ్‌బ్యోన్ పునఃశుద్ధి కేంద్రంలో జరిగిన తనిఖీల గురించి మాట్లాడతాను.

రియాక్టర్‌లో వాడేసిన ఇంధన కడ్డీలను ఆమ్లంలో కరిగించి ప్లుటోనియాన్ని వేరుచేసే చోటు పునఃశుద్ధి కేంద్రం. కడ్డీలను లెక్కపెట్టవచ్చు, వాటికి సీలు వేయవచ్చు. కానీ ద్రావణంగా మారి పైపుల్లో పారే పదార్థానికి అంత కచ్చితమైన లెక్క దొరకదు. అంతర్జాతీయ అణుశక్తి సంస్థ లెక్క ప్రకారం 8 కిలోల ప్లుటోనియం ఉంటే బాంబు తయారయ్యే అవకాశాన్ని తోసిపుచ్చలేం. కాబట్టి ఇలాంటి చోట తనిఖీదారులకు లోపలికి అనుమతి ఉందా అన్నదానితో పాటు, లోపల వాళ్లు ఏం చేయవచ్చన్నది కూడా అడగాలి.

1985లో అణ్వస్త్ర వ్యాప్తి నిరోధక ఒప్పందంలో చేరిన ఉత్తర కొరియా, తనిఖీల ఒప్పందంపై 1992 జనవరిలో గానీ సంతకం చేయలేదు. రేడియోకెమికల్ ప్రయోగశాల అని తాను పిలుచుకునే యోంగ్‌బ్యోన్ కేంద్రంలో 1990లో ఒకే ఒక్కసారి, సుమారు 90 గ్రాముల ప్లుటోనియం వేరుచేశామని 1992 మే నెలలో ప్రకటించింది. తనిఖీదారులు అక్కడి పరికరాలను గుడ్డతో తుడిచి నమూనాలు తీసుకున్నారు. ప్లుటోనియంలో ఒక రకమైన ప్లుటోనియం-241 కాలం గడిచేకొద్దీ అమెరీషియం అనే వేరే మూలకంగా మారుతుంది. శుద్ధి చేసినప్పుడు ఆ అమెరీషియం తొలగిపోయి, తర్వాత మళ్లీ పేరుకుంటుంది గనుక, ఎంత పేరుకుందో కొలిస్తే శుద్ధి ఎప్పుడు జరిగిందో తెలుస్తుంది. ఆ కొలతలు 1989, 1990, 1991లలో శుద్ధి జరిగినట్లు సూచించాయి.

ఒకే ఒక్కసారి అన్న ప్రకటనకు ఇది పొసగలేదు. అసలు ఎంత ప్లుటోనియం వేరుచేశారన్న మిగిలిన జవాబు ఆ శుద్ధిలో మిగిలిన వ్యర్థాల్లో ఉండాలి. ఆ వ్యర్థాలు ఉన్నాయని అనుమానమున్న రెండు చోట్ల ప్రత్యేక తనిఖీకి సంస్థ 1993 ఫిబ్రవరిలో పట్టుబట్టగా, అవి సైనిక స్థలాలంటూ ఉత్తర కొరియా నిరాకరించి, మార్చి 12న అణ్వస్త్ర వ్యాప్తి నిరోధక ఒప్పందం నుంచి వైదొలగుతున్నట్లు ప్రకటించింది. జూన్‌లో ఆ నిర్ణయాన్ని నిలిపివేసింది. 1994 మార్చిలో తనిఖీదారులను అదే ప్రయోగశాలలోకి రానిచ్చింది గానీ, గ్లవ్ బాక్సుల దగ్గర, అంటే ప్రమాదకర పదార్థాన్ని బిగించిన చేతితొడుగుల ద్వారా బయటి నుంచే పట్టుకునే మూసిన పెట్టెల దగ్గర, నమూనాలు తీయనివ్వలేదు. దీన్ని చిన్న సాంకేతిక వివాదంగా కొట్టిపారేయడం సరికాదని నా అభిప్రాయం. పాత లెక్క తేల్చడానికి అవసరమైన ఆధారం ఆ తుడుపు గుడ్డ మీదే దొరకాలి. అది లేని తనిఖీ భవనాన్ని చూసి రావడమే అవుతుంది.

1994 అక్టోబరులో అమెరికాతో కుదిరిన అవగాహన ఆ కేంద్రాన్ని స్తంభింపజేసింది, సీళ్లూ కెమెరాలూ పనిచేశాయి. అది తక్కువ సాధన కాదు. అయితే పాత ప్లుటోనియం లెక్క మాత్రం వాయిదా పడింది. 2002 డిసెంబరులో తనిఖీదారులను పంపేశారు. 2007లో తిరిగి వచ్చినవారిని 2009 ఏప్రిల్‌లో మళ్లీ పంపించారు. అప్పటి నుంచి, పునఃశుద్ధికి ఆవిరి అందించే ప్లాంటు నడుస్తోందో లేదో ఉపగ్రహ చిత్రాల్లో చూసి అంచనా వేయవలసిన స్థితి సంస్థకు వచ్చింది.