రోడ్స్ ఇచ్చింది దానం కాదు, బాకీ! మనం మాట్లాడాల్సిన పేరు కాలిన్స్

"రోడ్స్ చెడ్డోడే బ్రో, కానీ స్కాలర్‌షిప్ ఇచ్చాడు కదా." కిందటి వీడియో కింద ఇదే మాట, మళ్ళీ మళ్ళీ ఇదే మాట. నమస్తే అండి, ఇవాళ దీనికి జవాబు చెప్పాకే ఇంకో టాపిక్. తెలియనివాళ్ళకి ఒక్క మాట: సెసిల్ రోడ్స్ అంటే దక్షిణాఫ్రికా వజ్రాల గనులతో కోట్లు గడించిన ఇంగ్లీషు దొర, ఆక్స్‌ఫర్డ్‌లో చదవడానికి ఇచ్చే రోడ్స్ స్కాలర్‌షిప్ ఆయన వీలునామాతోనే మొదలైంది.

విగ్రహం గొడవ మీకు తెలిసిందే. 2015 ఏప్రిల్ 9న దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ యూనివర్సిటీలో సెసిల్ రోడ్స్ విగ్రహాన్ని క్రేన్‌తో ఎత్తి తీసుకుపోయారు. ఆక్స్‌ఫర్డ్‌లో ఓరియల్ కాలేజీ మాత్రం ఖర్చు ఎక్కువ, అనుమతులు కష్టం అని 2021లో చెప్పి తమ విగ్రహాన్ని అలాగే ఉంచేసింది. విగ్రహం సంగతి ఇంతటితో వదిలేద్దాం. నాకు ఒళ్ళు మండేది ఆ "ఇచ్చాడు కదా" దగ్గర.

ఎవరి డబ్బు ఇచ్చాడండీ?

దక్షిణాఫ్రికాలోని కింబర్లీ వజ్రాల గనుల డబ్బు. 1888లో రోడ్స్ పెట్టిన డీ బీర్స్ వజ్రాల కంపెనీ డబ్బు. ఆ గనుల్లో నల్లజాతి కూలీలను కాంపౌండ్లలో, అంటే చుట్టూ కంచె కట్టిన బసల్లో, పెట్టి తాళం వేసేవాళ్ళు, కాంట్రాక్టు అయ్యేదాకా నెలల తరబడి గేటు దాటనిచ్చేవాళ్ళు కాదు, చివరికి ఇంటికి పోతుంటే ఒంటి మీద బట్టలు కూడా విప్పించి సోదా చేసేవాళ్ళు. కూలీలు చాలకపోతే? అప్పట్లో దక్షిణాఫ్రికాలో బ్రిటిష్ వలస ప్రాంతమైన కేప్ కాలనీకి మన రోడ్స్ గారే ప్రధానమంత్రి, 1894లో గ్లెన్ గ్రే చట్టం తెచ్చాడు, జిల్లా దాటి కూలికి పోని నల్లజాతి మగవాళ్ళ మీద పది షిల్లింగుల పన్ను వేయించాడు. పన్ను కట్టాలంటే డబ్బు కావాలి, డబ్బు కావాలంటే కూలికి పోవాలి. ఇలా పోగేసిన సొమ్ము అది.

సరే, 1902లో పోయాడు, వీలునామా రాశాడు. తాను ఏలిన కేప్‌లో స్కాలర్‌షిప్‌లు ఎవరికి రాశాడు? నాలుగు స్కూళ్ళకి. నాలుగూ మగపిల్లల స్కూళ్ళే, నాలుగూ తెల్లవాళ్ళ స్కూళ్ళే. వీలునామాలో జాతి అడ్డు కాదని రాసి ఉందని ఇప్పుడే ఎవరో టైప్ చేస్తుంటారు, నాకు తెలుసు. రాసి ఉందండీ, నిజమే. రాసి ఏం లాభం? నల్లపిల్లవాడికి ఆ స్కూల్లో సీటే ఇవ్వనప్పుడు ఆ వాక్యం ఎవరి కడుపు నింపింది? దక్షిణాఫ్రికా నుంచి మొదటి నల్లజాతి ఆఫ్రికన్ రోడ్స్ స్కాలర్ లోయిసో నోంగ్జా. గణితం చదివిన మనిషి, తర్వాత జోహన్నెస్‌బర్గ్‌లోని విట్స్ యూనివర్సిటీకి వైస్ ఛాన్సలర్ అయ్యారు. ఆయనకి ఆ అవకాశం వచ్చింది 1970ల చివర్లో! వీలునామా 1902లో అమల్లోకి వస్తే డెబ్బై ఏళ్ళు దాటాక. ఆడపిల్లలకి 1977 దాకా తలుపే తీయలేదు.

అందుకే నా థియరీ చెప్తా, మీరు ఒప్పుకోకపోయినా పర్లేదు. ఒక స్కాలర్‌షిప్ విలువ తెలియాలంటే దాని పేరు చూడొద్దు. మొదటి డబ్బు ఎక్కడి నుంచి వచ్చింది? మొదటి సీటు ఎవరికి పోయింది? ఈ రెండు ప్రశ్నలు అడగండి చాలు. రోడ్స్ ఈ రెండు ప్రశ్నల్లోనూ ఫెయిల్.

ఇది తెలుగువాళ్ళకి నేను చెప్పాలా అసలు? కృష్ణా ఒడ్డున కొల్లూరు గనులు, గోల్కొండ వజ్రాలు, కోహినూర్ మనదే, తిరిగి ఇవ్వండి అని ప్రతి ఏడాదీ మనమే పోస్టులు పెడతాం. రేపు లండన్‌లో ఎవరో గోల్కొండ వజ్రం అమ్మిన డబ్బుతో అక్కడి దొరల పిల్లలకి ఫీజు కట్టి, దాన్ని గొప్ప దానం అంటే మనం ఊరుకుంటామా? మరి కింబర్లీ వాళ్ళు ఎందుకు ఊరుకోవాలి?

ఇప్పుడు రెండో పేరు. జాన్ కాలిన్స్. విన్నారా? వినలేదు, ఎందుకంటే ఆయనకి గని లేదు.

లండన్ సెయింట్ పాల్స్ కెథెడ్రల్‌లో కానన్, అంటే ఒక చర్చి గురువు. 1956 డిసెంబర్‌లో దక్షిణాఫ్రికా ప్రభుత్వం వర్ణవివక్షను ఎదిరించిన 156 మందిని రాజద్రోహం కేసులో అరెస్టు చేసింది. అందులో మండేలా ఉన్నారు, భారత సంతతి నాయకుడు అహ్మద్ కత్రాడా ఉన్నారు, నేటాల్ భారతీయుల నాయకుడు మాంటీ నాయికర్ ఉన్నారు. చెరకు తోటలకి మన తెలుగు కూలీలు కూడా ఓడలెక్కి పోయిన నేటాల్ అది. ఆ కేసుకి లాయర్ల ఫీజు, జైల్లో ఉన్నవాళ్ళ ఇళ్ళకి తిండి ఖర్చు నేను చూసుకుంటానని చందాలు మొదలుపెట్టిన మనిషి కాలిన్స్. 1961లో కేసు కొట్టేశారు, చివరిదాకా ఉన్నవాళ్ళంతా నిర్దోషులుగా బయటికొచ్చారు.

1966లో దక్షిణాఫ్రికా ప్రభుత్వం ఆ చందాల నిధిని నిషేధించింది. ఆగిపోయిందా? లేదు! ఇక్కడ సినిమాని మించిన కథ ఉంది. లండన్‌లో ఒక లాయరు నుంచి ఇంకో లాయరుకి, మధ్యలో ఉత్తుత్తి ట్రస్టుల పేర్లు, అక్కడి నుంచి దక్షిణాఫ్రికా లాయర్లకి డబ్బు. ఖైదీల ఇళ్ళకైతే బ్రిటన్‌లోనూ వేరే దేశాల్లోనూ ఉన్న మామూలు మనుషులు స్నేహంగా ఉత్తరం రాసినట్టు రాసి అందులో డబ్బు పెట్టి పంపేవాళ్ళు. పోలీసులకి గుట్టు చిక్కలేదు. స్వీడన్ లాంటి ప్రభుత్వాలు, మామూలు జనం, అందరూ కలిపి 1991 దాకా పంపింది దాదాపు పది కోట్ల పౌండ్లు. ఒక్క గని లేకుండా!

ఆయన పేరు మీద 1981లో స్కాలర్‌షిప్‌లు ఇచ్చే ట్రస్ట్ పెట్టారు, 1982 చివర్లో ఆయన పోయారు. ఇప్పుడు నా రెండు ప్రశ్నలు వేయండి. మొదటి డబ్బు? చందాలది. మొదటి సీట్లు? వర్ణవివక్ష తరిమేస్తే పరాయి దేశాల్లో బతుకుతున్న దక్షిణాఫ్రికా, నమీబియా శరణార్థి విద్యార్థులవి. ఈ రోజుకీ ఆ స్కాలర్‌షిప్ జింబాబ్వే, మలావీ, జాంబియా, లెసోతో లాంటి దేశాల పిల్లల్ని మాస్టర్స్, పీహెచ్‌డీ చదివిస్తోంది, తమ సమాజం కోసం పనిచేసే వాళ్ళ వైపు మొగ్గు చూపిస్తోంది.

"పీజీకే ఎందుకు, స్కూళ్ళు కట్టొచ్చుగా" అనేవాళ్ళకి ఒక్క విషయం. దక్షిణాఫ్రికాలో డిగ్రీ మూడేళ్ళు, ఆ తర్వాత ఆనర్స్ అని విడిగా ఇంకో ఏడాది, అది అయితేనే మాస్టర్స్. 2015లో ఫీజుల మీద ఉద్యమం జరిగింది, 2017 డిసెంబర్‌లో ఏడాదికి 3.5 లక్షల రాండ్ల (అక్కడి కరెన్సీ) లోపు ఆదాయం ఉన్న ఇళ్ళ పిల్లలకి ఉచిత చదువు ప్రకటించారు, అది మొదటి డిగ్రీకి. ఆనర్స్‌కి వచ్చేసరికి ఆ పథకం చేతులెత్తేస్తుంది. పైగా ఫీజు బాకీ ఉంటే సర్టిఫికెట్ ఆపేస్తారు, ఈ టెన్షన్ ఏంటో మన ఫీజు రీయింబర్స్‌మెంట్ పిల్లల్ని అడగండి. క్లాస్ ఫస్ట్ వచ్చిన పిల్ల అక్కడే ఆగిపోతుంది, రేపు యూనివర్సిటీలో పాఠం చెప్పాల్సిన పిల్ల. అందుకే పీజీ.

ఇక మీ చివరి అస్త్రం నాకు తెలుసు. "మండేలానే 2002లో తన పేరు రోడ్స్ పేరు పక్కన పెట్టుకున్నారు కదా, మీకేంటి?" అవును, పెట్టుకున్నారు. మండేలా రోడ్స్ ఫౌండేషన్. దాని స్కాలర్‌షిప్‌లు ఎవరికి? ఆఫ్రికా యువతకి. ఎక్కడ చదవడానికి? దక్షిణాఫ్రికా యూనివర్సిటీల్లో, ఆనర్స్‌కీ మాస్టర్స్‌కీ. అంటే ఆక్స్‌ఫర్డ్‌కి పోయిన డబ్బులో కొంత పట్టుకొచ్చి, అది ఎవరిదో వాళ్ళ చేతిలో పెట్టారు. దాన్ని దానం తీసుకోవడం అనరు, బాకీ వసూలు చేయడం అంటారు! మండేలా చేసింది నా మాటకి సాక్ష్యం, మీ మాటకి కాదు.

నా డిమాండ్ ఒక్కటే. రోడ్స్ స్కాలర్‌షిప్ నడిపే రోడ్స్ ట్రస్ట్ ఆ బాకీ తీర్చడం పెంచాలి, కింబర్లీ డబ్బు కింబర్లీ పిల్లల పీజీకి రావాలి, కేప్‌టౌన్‌లో, దక్షిణాఫ్రికాలోనే ఉన్న ఫోర్ట్ హేర్ యూనివర్సిటీలో, జాంబియా రాజధాని లుసాకాలో, జింబాబ్వే రాజధాని హరారేలో. మీరు కాదంటే కామెంట్‌లో రాయండి, కానీ "ఇచ్చాడు కదా" అని మాత్రం రాయొద్దు. ఎవరి డబ్బో రాయండి.