మన ఇంటికి ఎలక్ట్రాన్లు రావు, మరి కరెంటు ఎలా వస్తుంది?

పవర్ ప్లాంట్‌లో బయల్దేరిన ఎలక్ట్రాన్లు తీగ వెంట పరిగెత్తుకొచ్చి మన బల్బులో ఖర్చయిపోతాయట! ఈ మాట వింటే నేను ఊరుకోలేను. బొమ్మల్లో తీగ మీద గీసే బాణం గుర్తులే ఇంత పని చేశాయని నా అభిప్రాయం.

ఇద్దరు చెరో పిడి పట్టుకుని దుంగ కోసే పెద్ద రంపం ఉంటుంది కదా. అది ముందుకీ వెనక్కీ ఆడుతుందే తప్ప ఎక్కడికీ పోదు. అయినా దుంగ తెగుతుంది. ఇంటి కరెంటూ అంతే. ఎలక్ట్రాన్లు తీగలో ముందే ఉన్నాయి. సెకనుకి 50 సార్లు, కొన్ని దేశాల్లో 60 సార్లు, ఉన్నచోటే ఊగుతాయి. ఆ ఊపు మిల్లీమీటరులో వందో వంతు కూడా ఉండదు! మన దాకా వచ్చేది శక్తి.

ఇప్పుడా రంపాన్ని వందల కిలోమీటర్లు సాగదీయండి. దారి పొడవునా రాపిడే. ఎంత ఆడిస్తే అంత వేడి. అందుకే ఆట తగ్గించి, లాగే బలం పెంచాలి. బలం వోల్టేజ్, ఆట కరెంట్. పెద్ద జనరేటర్లలో సాధారణంగా 11 నుంచి 25 వేల వోల్టులు పుడతాయి. దాన్ని 4 లక్షల దాకా కూడా పెంచి లైన్లోకి పంపుతారు. వోల్టేజ్ పది రెట్లు చేస్తే అదే పవర్‌కి పదో వంతు కరెంట్ చాలు. తీగ వేడెక్కి పోయే నష్టం మాత్రం ఏకంగా నూరో వంతుకి పడిపోతుంది, ఎందుకంటే అది కరెంట్ వర్గాన్ని బట్టి ఉంటుంది. ఈ సబ్జెక్టు మొత్తంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన లెక్క ఇదే.

[స్క్రీన్ మీద: ట్రాన్స్‌ఫార్మర్ లోపలి బొమ్మ]

వోల్టేజ్ పెంచే ట్రాన్స్‌ఫార్మర్ ఇదే. ఇందులో ఈ రెండు తీగ చుట్టలూ చూడండి, ఒకదానికొకటి తగలవు. మొదటి చుట్టలో కరెంటు ఊగితే ఇనుప కోర్‌లో అయస్కాంత క్షేత్రం ఊగుతుంది, దాంతో రెండో చుట్టలో వోల్టేజ్ పుడుతుంది. ఒక రంపం ఇక్కడ ఆగిపోయి, ఇంకో రంపం మొదలైనట్టు. ప్లాంట్‌లోని ఎలక్ట్రాన్ ఇటు రావాలన్నా దారే లేదు! దగ్గరికెళ్తే గుయ్‌మని వినిపిస్తుంది చూశారా, 50 సార్లు ఊగే చోట ఆ కోర్ సెకనుకి 100 సార్లు సాగి ముడుచుకునే చప్పుడది.

టైమ్ అయిపోతోంది, మిగతాది గబగబా చెప్పేస్తాను. ఇంటికొచ్చే తీగల్లో ఫేజ్ అంటే రంపానికి ఒక పిడి, న్యూట్రల్ అంటే రెండో పిడి. న్యూట్రల్ తెగితే బల్బు వెలగదు, కానీ ఫేజ్ అక్కడిదాకా వచ్చే ఉంటుంది, ముట్టుకుంటే షాకే. ఎర్త్, అంటే నేలకి కలిపిన తీగ, వేరు. మామూలుగా అందులో కరెంటు పారకూడదు. ఫేజ్ తీగ మెషీన్ ఇనుప బాడీకి తగిలితే అప్పుడు ఆ దారిన పారి ఫ్యూజ్ పోవాలి, లేదా బ్రేకర్ పడాలి. దయచేసి ప్లగ్‌కి ఎర్త్ పిన్ పీకేయకండి.

ఇక మీటర్ లెక్కపెట్టేదీ శక్తినే. వెయ్యి వాట్ల హీటర్ గంటసేపు నడిస్తే ఒక యూనిట్.