తాతయ్య రాసిన జీడీ

(రిటైర్డ్ ఏఎస్సై తొలి సంవత్సరీకం సందర్భంగా బందరులో జరిగిన సంస్మరణ సభలో ఆయన మనవరాలి ప్రసంగం)

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దలకు, పెన్షనర్ల సంఘం అధ్యక్షులు గారికి, కార్యదర్శి గారికి, ఎండలో ఇంతదూరం వచ్చిన ఎస్సై గారికి, తాతయ్యతో ఒకే బ్యారక్‌లో పడుకుని ఒకే క్యారేజీలో తిన్న ముందు వరుస తాతయ్యలందరికీ, మా వీధివాళ్లకీ, మా అమ్మమ్మకీ, మూడో వరుసలో గోడ పక్కన కూర్చున్న మా అమ్మకీ నమస్కారాలు. కార్యదర్శి గారు ఐదు నిమిషాలన్నారు. ఐదు నిమిషాల్లో అయ్యే మాట కాదండీ, ముందే చెబుతున్నాను.

తాతయ్య 1967లో కానిస్టేబుల్‌గా చేరారు. 2004 సెప్టెంబరు నెలాఖరున ఏఎస్సైగా రిటైరయ్యారు. ముప్పైయేడేళ్ల సర్వీసు. ఆయన పట్టుకున్న దొంగల గురించీ, వచ్చిన గుడ్ సర్వీస్ ఎంట్రీల గురించీ నాకన్నా ముందు మాట్లాడిన పెద్దలు చెప్పారు. అవన్నీ నేను పుట్టకముందువో, నాకు ఊహ తెలియనప్పటివో. నాకు తెలిసింది ఆ తర్వాతి ఇరవై ఏళ్ల తాతయ్య. ఆ తాతయ్యని మీకు చూపిద్దామని ఈ సంచీ తెచ్చాను. ఇందులో ఏడు లాంగ్ నోటు పుస్తకాలున్నాయి.

స్టేషన్లో చేసినవాళ్లకి జీడీ అంటే చెప్పక్కర్లేదు. మా వీధివాళ్ల కోసం చెబుతాను. జనరల్ డైరీ. ఎవరు డ్యూటీ ఎక్కారు, ఎవరు దిగారు, ఎవరు ఏ పని మీద బయటికి వెళ్లారు, అంతా గంటా నిమిషం వేసి రాసే పుస్తకం. తాతయ్య రిటైరై ఇంటికొచ్చిన నాలుగో రోజున ఇంట్లో జీడీ తెరిచారు. మొదటి పేజీ చదువుతాను.

"4-10-2004, సోమవారం. ఉదయం 8-25 గంటలకు పాప బడికి బయల్దేరినది. వేసుకున్న బట్టలు: నీలం స్కర్టు, తెల్ల చొక్కా. రెండు జడలు, ఎర్ర రిబ్బన్లు. కుడి చేతికి నల్ల గాజులు రెండు. కాళ్లకు వెండి పట్టీలు. తోడు నేను, సైకిలు మీద. 8-40కి బడి గేటు వద్ద టీచరు గారికి అప్పగించడమైనది. సాయంత్రం 4-35కి తిరిగి తీసుకురావడమైనది. ఎడమ జడకు రిబ్బను లేదు. విచారించగా ఆటల పీరియడులో పడిపోయినదని తెలిపినది."

ఆ పాపని నేనే. అప్పటికి నాకు ఎనిమిదేళ్లు. పదేళ్లపాటు ఒక్కరోజు తప్పకుండా ఇలాగే రాశారు. జ్వరమొస్తే టెంపరేచరు, వానొస్తే గొడుగు రంగు, తమ్ముడు పుట్టాక వాడికి వేరే కాలమ్. 2014లో నన్ను హాస్టల్లో దింపి వచ్చిన రాత్రి చివరి ఎంట్రీ రాసి, కింద గీత కొట్టి సంతకం పెట్టారు. ఆ రోజు నేను కట్టుకున్న చుడీదారు రంగు కూడా ఉంది. గేటు దగ్గర పావుగంట నిలబడ్డట్టు కూడా ఉంది. ఆ సంగతి నాకు తెలియదు. నేను వెనక్కి తిరిగి చూడకుండా లోపలికి వెళ్లిపోయాను.

రోజూ పొద్దున గుమ్మంలో నిలబెట్టి ఎగాదిగా చూసి రాసుకుంటుంటే నాకు చిరాకేసేది. "ఎందుకు తాతయ్యా, బట్టలు కూడా రాయాలా?" అని విసుక్కునేదాన్ని. "రాయాలమ్మా" అనేవారు, అంతే. ఆ జవాబు నాకు ఆయన పోయిన తర్వాతే తెలిసింది. నిజానికి ఆయన చెప్పారు, ఎన్నోసార్లు చెప్పారు. రెండింటినీ కలిపి చూసుకోలేదు నేను.

1977 నవంబరు 19, శనివారం. దివిసీమ ఉప్పెన. ఈ హాల్లో అరవై దాటినవాళ్లలో ఆ రాత్రిని మర్చిపోయినవాళ్లు ఉండరు. పదిహేనడుగుల పైన లేచిన నీళ్లు పల్లెల మీద పడ్డాయి. సొర్లగొంది, పాలకాయతిప్ప, హంసలదీవి, ఆ చుట్టుపక్కల ఊళ్లు. ప్రభుత్వ లెక్కలోనే దాదాపు పదివేలమంది. తాడిచెట్టు పట్టుకున్నవాళ్లు, తుమ్మకొమ్మలకి చిక్కుకున్నవాళ్లు కొందరు బతికారు. తాతయ్యకి అప్పుడు ముప్పై ఒక్కటి. బందరు నుంచి పంపిన బలగంలో ఆయనొకరు. దారికడ్డంగా పడ్డ చెట్లు నరుక్కుంటూ, బురదలో నడుచుకుంటూ పులిగడ్డ దాటి లోపలికి వెళ్లారు. ఇరవై మూడు రోజులు అక్కడే. శవాలు ఎత్తడమే పని.

మామూలు రోజుల్లో ఒక్క శవం దొరికితే ఎంత తతంగం ఉంటుందో మీకు తెలుసు. పంచాయతీదార్లు, శవ పంచనామా, గుర్తులు, ఫోటో, పోస్టుమార్టం. అక్కడ పంచనామా మీద సంతకం పెట్టడానికి ఊళ్లో మనుషులు లేరు. పశువులూ మనుషులూ ఒకే కుప్ప. గోతులు తీసి పూడ్చారు, కిరసనాయిలు పోసి కాల్చారు. ఇంకో దారి లేదు. తాతయ్య మాత్రం జేబులో చిన్న పుస్తకం పెట్టుకుని, తన చేతుల మీదుగా వెళ్లినవాళ్లకి వీలైనంతవరకు ఒక్కో లైను రాసుకున్నారు. ఎవరూ రాయమనలేదు. "ఆడపిల్ల, పదేళ్ల లోపు, పచ్చ పూల గౌను, ఎడమ కాలికి పట్టీ." అలా. సాయంత్రం శిబిరం దగ్గర లాంతరు పెట్టుకుని పైకి చదివేవారు. తమవాళ్ల కోసం వెతుక్కునేవాళ్లు చుట్టూ కూర్చుని వినేవాళ్లు.

ఒక ముసలాయన రోజూ వచ్చేవాడట. మనవరాలి కోసం. మొదటిరోజు తాతయ్య అడిగారు, పిల్ల ఏం బట్టలు వేసుకుంది పెద్దాయనా అని. ఆయన చాలాసేపు ఆలోచించి, "చూసుకోలేదు బాబూ. కళ్లముందు తిరిగే పిల్ల, ఏం కట్టిందో ఎవరు చూస్తారు" అన్నాడట. రెండోరోజు వచ్చి మొత్తం మళ్లీ చదవమన్నాడు. మూడోరోజూ చదవమన్నాడు. నాలుగోరోజు సగంలో చెయ్యి అడ్డం పెట్టి, "ఇంక చదవమాక బాబూ. అందులో ఏదో ఒకటి మా పిల్లదని రాసెయ్. ఇంటికి పోయి చెయ్యాల్సింది చేసుకుంటాను" అన్నాడట.

తాతయ్య రాశారు.

ఏ లైను పక్కన రాశారో ఎప్పుడూ చెప్పలేదు. "సర్వీసు మొత్తంలో నేను రాసిన తప్పుడు ఎంట్రీ అదొక్కటే" అనేవారు. రేడియోలో వాయుగుండం అన్న మాట వినిపిస్తే చాలు, ఈ కథ మొదలుపెట్టేవారు. వంద సార్లు విన్నాను. విని అన్నం తిని పడుకునేదాన్ని. పోయిన ఏడాది, పెద్దకర్మ అయిపోయాక, అటక మీద నుంచి ఈ పుస్తకాలు దించి పేజీలు తిప్పుతుంటే ప్రతి పేజీలోనూ అదే మాట. వేసుకున్న బట్టలు, వేసుకున్న బట్టలు, వేసుకున్న బట్టలు. ఇరవై ఏడేళ్ల తర్వాత ఆ ముసలాయన ప్రశ్నకి తాతయ్య ఇంట్లో కూర్చుని రోజూ జవాబు రాసుకున్నారు. నేనిప్పుడు టీచర్ని. పొద్దున ప్రేయర్‌లో నా క్లాసు పిల్లల్ని వరసగా చూసుకుంటాను, ఎవరి రిబ్బను ఏ రంగో.

ఇక్కడితో ఆపెయ్యమని నిన్న రాత్రి అమ్మ చెప్పింది. ఆపలేనమ్మా, ఏమనుకోకు.

ఈ ఏడు పుస్తకాలూ అమ్మ రెండు రాత్రులు కూర్చుని చదివింది. మూసేసి ఒకటే మాట అంది. "నేను ఏ రోజు ఏం కట్టుకున్నానో నాన్నకి ఒక్కరోజైనా తెలియదే."

అమ్మ 1972 డిసెంబరులో పుట్టింది. జై ఆంధ్ర ఉద్యమం రోజులు. తాతయ్య బందోబస్తులో ఉండి, పద్దెనిమిదో రోజున వచ్చి బిడ్డను చూశారు. దివిసీమ నుంచి గడ్డం పెరిగి, చిక్కిపోయి వచ్చినప్పుడు ఐదేళ్ల అమ్మ గుమ్మంలో చూసి, "అమ్మా, ఎవరో పోలీసాయన వచ్చాడు" అని అమ్మమ్మ వెనక దాక్కుంది. ఓణీల ఫంక్షనుకి సెలవు ఇచ్చి, ముందురోజు సాయంత్రం ఎవరో పెద్దవాళ్ల పర్యటన ఉందని రద్దు చేశారు. తాతయ్య లేకుండానే అమ్మకి ఓణీ వేశారు. ఆ ఫోటోల్లో తాతయ్య లేరు.

1980 కృష్ణా పుష్కరాలు. బెజవాడలో స్నానాల రేవు దగ్గర తాతయ్య తాడు పట్టుకుని జనాన్ని ఆపే డ్యూటీలో ఉన్నారు. అమ్మమ్మ ఏడేళ్ల అమ్మని చంకనెత్తుకుని ఆ జనంలోనే ఉంది. అమ్మకి నాన్న కనిపించారు. "నాన్నా" అని మూడుసార్లు పిలిచింది. తాతయ్య తిరగలేదు. వినిపించింది, కానీ తిరగలేదు. తాడు వదిలితే మెట్ల మీద తొక్కిసలాట అవుతుంది. "నాన్నకి నేను తెలీదు" అని ఇల్లు చేరేదాకా ఏడ్చిందట.

2004లో మళ్లీ పుష్కరాలొచ్చాయి. ఆయన చివరి బందోబస్తు అదే. ఈసారి అమ్మ నన్ను తీసుకెళ్లింది. మళ్లీ తాడు, మళ్లీ జనం. "తాతయ్యా" అని నేను ఒక్కసారే పిలిచాను. ఆయన తాడు పక్కనున్న హోంగార్డు చేతికిచ్చి, ఐదారు అడుగులు వేసి వచ్చి, జేబులో రుమాలు తీసి నా తల తుడిచి, మళ్లీ వెళ్లి తాడు అందుకున్నారు. నాకు గుర్తున్నది నా తల తుడవడం కాదండీ. అమ్మ నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందో అది గుర్తుంది. గాజు నలిగి మణికట్టు మీద గీరుకుంది. ఎందుకో అప్పుడు తెలియలేదు.

తాతయ్యని తప్పుపట్టడానికి ఇవన్నీ చెప్పడం లేదు. అమ్మ కూడా తప్పుపట్టదు. నాకు దక్కిన సైకిలు సవారీలన్నీ అమ్మకి బాకీ పడ్డవే, అది నాకు తెలుసు. ముందు వరుస తాతయ్యలూ, ఒక్క మాట అడుగుతాను. మీ ఆడపిల్లల ఓణీల ఫంక్షనుకి ఇంట్లో ఉన్నవాళ్లు చెయ్యెత్తండి.

ముగ్గురు. ఇరవై మందికి పైగా ఉన్నారు, ముగ్గురు.

పోలీసు ఎప్పుడూ డ్యూటీలో ఉన్నట్టే లెక్క అని 1861 పోలీసు చట్టం, 22వ సెక్షన్ రాసింది. ఇంగ్లీషువాళ్లు రాసిన చట్టం. వాళ్లు వెళ్లిపోయి ముప్పై ఏళ్లయ్యాక కేంద్రం ధర్మవీర గారి అధ్యక్షతన జాతీయ పోలీసు కమిషన్ వేసింది. ఆ తేదీ చూసి నేను ఆగిపోయాను. 1977 నవంబరు 15. ఉప్పెనకి సరిగ్గా నాలుగు రోజుల ముందు. 1979లో ఇచ్చిన మొదటి నివేదికలోనే కానిస్టేబుళ్ల కష్టాల గురించి చెప్పింది. మన రాష్ట్రంలో వీక్లీ ఆఫ్ ప్రకటించింది 2019 జూన్‌లో. నలభై ఏళ్లు. ఆ రోజు తాతయ్య పేపరు రెండుసార్లు చదివి, ఆ వార్త కత్తిరించి ఏడో పుస్తకం చివర అంటించారు. ఇదిగో, జిగురు ఎండి ఊడిపోతోంది. అమ్మకి ఫోన్ చేసి, "అమ్మాయ్, వారానికో రోజు ఇచ్చారంట" అన్నారు. అమ్మ ఏమీ అనలేదట. ఆయనా ఏమీ అనకుండా కాసేపు ఫోన్ పట్టుకునే ఉన్నారట.

ప్రకటన వచ్చింది, సంతోషం. ఆ రోజు ప్రతి స్టేషన్లో ప్రతి కానిస్టేబుల్‌కీ అందుతోందా అన్నది మీకే బాగా తెలుసు. డ్యూటీలో ఉన్నవాళ్లు నోరు తెరిచి అడగడానికి పోలీసుల హక్కులకి హద్దులు పెట్టిన 1966 చట్టం అడ్డం. సంఘం పెట్టాలన్నా, పేపరుకి చెప్పాలన్నా అనుమతులు కావాలి. పెన్షనర్లకి ఆ అడ్డు లేదు కదా తాతయ్యా. మీరు అడగొచ్చు కదా. ఈ సభ తరఫున ఒక్క తీర్మానం రాయండి. ఎవరికి ఏ రోజు ఆఫ్ అన్న చార్టు ప్రతి స్టేషన్ గోడ మీదా అంటించాలి, ఆఫ్ రద్దు చేస్తే ఎందుకు చేశారో జీడీలో రాయాలి. అంతే. రాసి ఉంటే మిగిలింది అదే తేలుతుంది. తాతయ్య నమ్మింది రాతనే.

ఎస్సై గారూ, మీకొక విన్నపం. మీ వెంట వచ్చిన కానిస్టేబుల్ గారు ఇందాక గేటు దగ్గర నాకు మంచినీళ్లిచ్చారు. మాటల్లో నేనే అడిగి తెలుసుకున్నాను, ఆయనగా చెప్పలేదు, మిమ్మల్ని అడగమనీ అనలేదు. పేరు చెప్పను. ఈ సాయంత్రం ఐదింటికి వాళ్ల పాపది స్కూలు యానివర్సరీ, డాన్సు ఉందట. ఏం డ్రస్ వేసుకుంటుందని అడిగాను. గులాబీ రంగు లంగా, పచ్చ జాకెట్టు, తలలో కనకాంబరాలు అని ఆగకుండా చెప్పారు. పొద్దున ఇంటినుంచి ఫోన్లో ఫోటో వచ్చిందట.

ఇప్పుడు మూడు ముప్పావయింది. ఈ హాల్లో బందోబస్తు అవసరమైనవాళ్లం ఎవరం లేం సార్. అందరం పెద్దవాళ్లమే. నమస్కారం.