ఫైనల్ ఫ్యాంటసీ 8లో లెవెల్ పెంచకండి, టెంట్లు కొనండి

[ఓపెనింగ్ క్లిప్: బాలాంబ్ గార్డెన్ ట్రైనింగ్ సెంటర్, టీ-రెక్సార్ అనే రాక్షసి హీరో స్క్వాల్‌ని ఒక్క దెబ్బతో పడగొట్టడం. 4 సెకన్లు]

ఈ గేమ్ 1999 ఫిబ్రవరిలో జపాన్‌లో వచ్చింది. అప్పటి నుంచి ఇప్పటిదాకా దీని మీద ఒకటే ఫిర్యాదు: "ప్రతి శత్రువు ముందూ నిలబడి వంద మ్యాజిక్‌లు డ్రా చెయ్యాలి (వాడి దగ్గర్నుంచి లాగాలి). పోనీ లెవెల్ పెంచుదామా అంటే శత్రువులూ పెరుగుతారు. ఇంకెందుకు ఆడటం?"

ఇందులో మొదటి సగం తప్పు. రెండో సగం నిజమే. నిజం కాబట్టే లెవెల్ పెంచొద్దంటున్నాను.

ఏడో భాగం ఆడినవాళ్లకే ఈ చిక్కు ఎక్కువ. అందులో లెవెల్ పెరిగితే బలం పెరుగుతుంది. ఆ అలవాటుతోనే దీన్నీ మొదలుపెడతారు. ఇక్కడ లెవెల్‌కి సుమారు 1000 అనుభవ పాయింట్లు చాలు, మీరు 7లో ఉన్నా 70లో ఉన్నా అంతే. ఇంత చవగ్గా ఇస్తున్నారంటేనే అనుమానం రావాలి కదా! లెవెల్ వల్ల మీకొచ్చే బలం చాలా తక్కువ. మీ పార్టీ సగటు లెవెల్‌ని బట్టి శత్రువులకి పెరిగే హెచ్‌పీ (ప్రాణబలం), దెబ్బ మాత్రం చాలా ఎక్కువ. మీరు కష్టపడి వాళ్లని పెంచుతున్నారన్నమాట.

మరి బలం ఎక్కడుంది? జంక్షన్‌లో, అంటే మ్యాజిక్‌ని హెచ్‌పీ, స్ట్రెంత్ లాంటి స్టాట్‌లకి కట్టే పద్ధతిలో.

[స్క్రీన్: జంక్షన్ మెనూ, స్క్వాల్ హెచ్‌పీ అంకె మీద జూమ్]

మ్యాజిక్‌ని ఫిక్స్‌డ్ డిపాజిట్ అనుకోండి. ఒక్కో స్పెల్ ఒక్కొక్కరి దగ్గర 100 దాకా దాచుకోవచ్చు. ఆ వందనీ హెచ్‌పీకో, స్ట్రెంత్‌కో కట్టేస్తే దాని మీద వచ్చే వడ్డీయే మీ బలం. యుద్ధంలో అదే స్పెల్ వాడారా, ఎఫ్‌డీ విరగ్గొట్టినట్టే. వాడిన కొద్దీ నిల్వ తగ్గుతుంది, నిల్వతో పాటు స్టాట్ కూడా జారుతుంది. కొత్తవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు: హెచ్‌పీకి కట్టిన క్యూర్‌లనే తీసి గాయాలకి వాడేస్తారు, చివరికి గరిష్ఠ హెచ్‌పీయే కరిగిపోతుంది. గాయాలకి పోషన్ వాడండి. లేదా ఎదుటివాడి దగ్గర డ్రా చేసి, నిల్వ చేసుకోకుండా అక్కడికక్కడే వేసేయండి. డిపాజిట్ జోలికి వెళ్లొద్దు.

ఇప్పుడు "వంద సార్లు డ్రా" సంగతి. డ్రా అంటే చిల్లర పోగేసి ఎఫ్‌డీ చెయ్యడం. ఒకసారికి మహా అయితే 9 వస్తాయి, అదీ మ్యాజిక్ స్టాట్ బాగుంటేనే. మొదట్లో రెండు, మూడు. ట్యుటోరియల్ కూడా ఈ దారే చూపిస్తుంది. నన్నడిగితే ఈ గేమ్‌లో అతి పెద్ద లోపం ఆ ట్యుటోరియలే. ఇంత మంచి సిస్టమ్ తయారుచేసి, దాన్ని వాడే అత్యంత విసుగు పుట్టించే పద్ధతిని మొదటి పాఠంగా పెట్టారు.

అసలు దారి రిఫైన్. జీఎఫ్‌లు, అంటే పాత్రలకి తోడుండే గార్డియన్ ఫోర్స్‌లు, నేర్చుకునే సామర్థ్యాల్లో చివర "మ్యాగ్-ఆర్ఎఫ్" అని ఉన్నవి చాలావరకు వస్తువుల్ని మ్యాజిక్‌గా మార్చేవే. చిల్లర గొడవ లేదు, ఒకేసారి పెద్ద మొత్తం డిపాజిట్.

నాకు ఇష్టమైన ఉదాహరణ టెంటు. వరసగా చెప్తాను.

[స్క్రీన్: డాలెట్ టవర్ పైన ఎల్వొరెట్, డ్రా లిస్టులో సైరెన్ పేరు]

డాలెట్ మిషన్ చివర, కమ్యూనికేషన్ టవర్ మీద ఎల్వొరెట్ అనే బాస్ వస్తాడు. వాడి డ్రా లిస్టులో సైరెన్ అనే జీఎఫ్ ఉంటుంది. దాన్ని లాగకుండా వాణ్ణి చంపితే మళ్లీ నాలుగో డిస్కులో కానీ దొరకదు. సైరెన్ లైఫ్ మ్యాజిక్ రిఫైన్ నేర్చుకుంటుంది, మెనూలో "ఎల్ మ్యాగ్-ఆర్ఎఫ్" అని కనిపిస్తుంది. దాంతో ఒక టెంటుకి 10 క్యురాగాలు (క్యూర్‌కి పెద్దన్న). టెంటు ఖరీదు 1000 గిల్ (గేమ్‌లో డబ్బు). పది టెంట్లు, పది వేల గిల్, వంద క్యురాగాలు. స్క్వాల్ హెచ్‌పీకి కట్టండి: 2200 పెరుగుతుంది. ఆ సమయానికి అతని సొంత హెచ్‌పీ ఎంతో తెలుసా? 500 దరిదాపుల్లో. అంటే మెనూలో రెండు నిమిషాల పనితో హెచ్‌పీ అయిదింతలు. అనుభవ పాయింటు ఒక్కటీ రాలేదు కాబట్టి ఒక్క శత్రువూ పెరగలేదు.

ఒకటి మర్చిపోకండి: హెచ్‌పీకి కట్టాలంటే "హెచ్‌పీ-జె" నేర్చిన జీఎఫ్ ఆ పాత్ర దగ్గర ఉండాలి. కెజాకోటల్, ఇఫ్రిట్ రెండూ నేర్చుకుంటాయి. "క్యురాగాలు ఉన్నాయి కానీ కట్టడానికి రావట్లేదు" అనేవాళ్లందరి సమస్యా ఇదే.

డబ్బెక్కడిది అంటారా? శత్రువుల్ని చంపితే ఇక్కడ గిల్ రాదు, సీడ్ అనే కిరాయి సైనికుడిగా మీకు జీతం వస్తుంది. ర్యాంకు పెరిగితే జీతం పెరుగుతుంది. ర్యాంకు పెంచడానికి మెనూలో రాత పరీక్షలు ఉన్నాయి: ఒక్కో పరీక్షలో 10 ప్రశ్నలు, అవును-కాదు జవాబులు, పదికి పదీ రావాలి. అయితే స్క్వాల్ లెవెల్ ఎంతో అన్ని పరీక్షల దాకే రాయనిస్తారు. తక్కువ లెవెల్‌లో ఆడేవాళ్లకి నిజంగా నష్టం జరిగేది ఈ ఒక్కచోటే. స్క్వాల్ మొదలయ్యేదే 7లో, కాబట్టి ఏడు పరీక్షలు చేతిలో ఉన్నట్టే. రాసేయండి, టెంట్లకి సరిపోతుంది.

మరి శత్రువుల్ని చంపకపోతే జీఎఫ్‌లకి ఏపీ (సామర్థ్యాలు నేర్చుకునే పాయింట్లు) ఎలా? కెజాకోటల్‌కి 40 ఏపీతో "కార్డ్" కమాండ్ వస్తుంది. శత్రువుని బాగా బలహీనం చేసి కార్డుగా మార్చేస్తే ఏపీ వస్తుంది, అనుభవ పాయింట్లు రావు. చాలామంది నిండు హెచ్‌పీ మీదే కార్డ్ ప్రయత్నించి పనిచెయ్యట్లేదంటారు. హెచ్‌పీ ఎంత తగ్గితే అవకాశం అంత ఎక్కువ. బాస్‌లతో ఈ బాధ లేదు, వాళ్లు ఇచ్చేది ఏపీ మాత్రమే.

తర్వాత "కార్డ్ మాడ్". కార్డుల్ని వస్తువులుగా మారుస్తుంది. గార్డెన్‌లో (సీడ్ శిక్షణ బడిలో) టీచర్ క్విస్టిస్ అభిమానుల దగ్గర కార్డ్ గేమ్ ఆడి ఆమె కార్డు గెలుచుకోండి. దాన్ని మారిస్తే 3 సమంతా సోల్‌లు. డయాబ్లోస్ నేర్చుకునే టైమ్ రిఫైన్‌తో ఒక్కో సోల్‌కి 60 ట్రిపుల్ మ్యాజిక్‌లు. వంద ట్రిపుల్‌లు స్ట్రెంత్‌కి కడితే 70 పెరుగుతుంది. ఇదంతా టింబర్ రైలు ఎక్కకముందే. టెంటు లెక్కే ఇది కూడా, వడ్డీ రేటు మాత్రం దారుణం!

గేమ్ గొప్పతనం ఇదే, బలహీనతా ఇదే. లెవెల్‌తో పని లేకుండా, బుర్ర పెడితే మొదటి డిస్కులోనే స్క్వాల్‌కి అన్నిటికన్నా మంచి కత్తి లయన్ హార్ట్ చేయించుకోవచ్చు. అడమాంటైన్ 1, డ్రాగన్ ఫ్యాంగ్‌లు 4, పల్స్ యామో 12. ఇంత స్వేచ్ఛ ఇచ్చే జపాన్ ఆర్‌పీజీలు అరుదు. కానీ ఆ స్వేచ్ఛ వాడినవాళ్లకి మూడు డిస్కుల పాటు ఎదురు ఉండదు, బాస్‌లు పాపం నిలబడి దెబ్బలు తింటారు. వాడనివాళ్లకేమో నలభై గంటల డ్రా. మధ్య దారి లేదు. పైగా హెచ్‌పీ సుమారు మూడో వంతుకి పడితే లిమిట్ బ్రేక్‌లు అనే ప్రత్యేక దాడులు వస్తూనే ఉంటాయి. టెంట్లతో 2700 చేసుకున్న స్క్వాల్ 850లో నిలబడి కూడా సుఖంగా వరసపెట్టి తన లిమిట్ బ్రేక్ రెంజోకుకెన్ కొడతాడు. తూకం చూసినవాళ్లు ఈ మూల చూడలేదేమో.

[స్క్రీన్: టైమర్. ఎడిటర్‌కి: ఇక్కణ్ణుంచి మ్యూజిక్ తగ్గించు]

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా.

కథ. రెండో డిస్కు చూడనివాళ్లు ముప్పై సెకన్లు ముందుకి జరపండి. ట్రేబియా బాస్కెట్‌బాల్ కోర్టులో బయటపడే, హీరోలు చిన్నప్పుడు ఒకే అనాథాశ్రమంలో పెరిగారన్న సంగతి నాకు ఇప్పటికీ మింగుడుపడదు. జీఎఫ్‌ల వల్ల అందరూ మర్చిపోయారట, పార్టీలోని ఇర్విన్‌కి మాత్రం గుర్తుందట, ఇన్నాళ్లూ చెప్పలేదట! జ్ఞాపకాలు తినే జీఎఫ్ అనే ఆలోచన అద్భుతం, దాన్ని ఖర్చుపెట్టిన తీరు దండగ. స్క్వాల్ నోరు విప్పకుండా లోపల్లోపల అనుకునే మాటలు మాత్రం బాగుంటాయి.

ట్రిపుల్ ట్రయాడ్ కార్డ్ గేమ్ బంగారం. ఒక్క జాగ్రత్త: మీరు వేరే ప్రాంతం నుంచి వచ్చాక ఎవరైనా "రూల్స్ కలిపి ఆడదామా" అంటే వద్దనండి. ర్యాండమ్ రూల్ అంటుకుందంటే చేతికి ఏ కార్డులొస్తాయో మీ చేతిలో ఉండదు.

జీఎఫ్ యానిమేషన్లు పొడుగు. ఈడెన్‌ది నిమిషం పైనే. 2019 రీమాస్టర్‌లో మూడు రెట్లు వేగం ఉంది, వాడండి, సిగ్గుపడకండి. అందులో మనుషులు మెరుగుపడ్డారు, వెనక బొమ్మలు మాత్రం మసకగానే ఉన్నాయి.

పార్టీ మారినప్పుడల్లా అన్నీ మళ్లీ కట్టక్కర్లేదు. మెనూలో జంక్షన్ ఎక్స్ఛేంజ్ ఉంది, ఒకరి ఖాతా మొత్తం ఇంకొకరికి మారుతుంది.

చివరి కోట. లోపలికి వెళ్లగానే ఐటమ్, మ్యాజిక్, జీఎఫ్, డ్రా, సేవ్‌తో సహా ఎనిమిది సౌకర్యాలకి తాళం పడుతుంది, ఒక్కో బాస్‌ని కొడితే ఒక్కోటి తెరుచుకుంటుంది. ఆఖరి యుద్ధంలో ఏ ముగ్గురు దిగుతారో గేమే నిర్ణయిస్తుంది. కాబట్టి ఆరుగురికీ డిపాజిట్లు ఉండాలి, ముగ్గురికే కట్టినవాళ్లు అక్కడ ఏడుస్తారు. అక్కడొచ్చే బాస్ గ్రీవర్ అయితే ఒక స్పెల్ నిల్వ మొత్తాన్ని ఊడ్చేస్తాడు, బ్యాంకుకే కన్నం. హెచ్‌పీ మీద క్యురాగా పోతే వెంటనే కట్టడానికి ఇంకేదైనా స్పెల్ ఒక వంద పక్కన పెట్టుకోండి.

నాలుగో డిస్కులో ఊళ్లన్నీ మూసేస్తారు. టెంట్లు ముందే కొనకపోతే టోన్‌బెర్రీ అనే జీఎఫ్‌కి "కాల్ షాప్" నేర్పించండి, మెనూలోంచే కొనొచ్చు.