మూసీ వరద ఏ డిపార్ట్‌మెంట్‌ది?

అందరికీ నమస్కారం. ప్లానింగ్ వాళ్లనీ చరిత్ర వాళ్లనీ ఒకే హాల్లో కూర్చోబెట్టిన నిర్వాహకులకు థ్యాంక్స్. మామూలుగా మనం క్యాంటీన్‌లో తప్ప ఎక్కడా కలవం.

నగరాలను ఎలా ఊహిస్తాం, ఎలా కడతాం అన్నది ఇవాళ్టి విషయం. సిద్ధాంతాల జోలికి పోను. 1908 సెప్టెంబర్ 28న హైదరాబాద్‌ను ముంచిన మూసీ వరద ఒక్కటే తీసుకుంటాను. వేలమంది పోయారు. అఫ్జల్‌గంజ్ ఆస్పత్రి దగ్గర చింతచెట్టెక్కి నూటయాభై మంది దాకా బతికారని చెబుతారు.

మరుసటి ఏడాది నిజాం ప్రభుత్వం పిలిస్తే ఇంజనీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్య వచ్చారు. ఆయన నగరంలోని నదిని మాత్రమే చూసి ఊరుకోలేదు, ఎగువ లెక్క తీయించారు. పరీవాహకంలో 788 చెరువులున్నాయి, వాటిలో 221 తెగిపోయాయి. గొలుసుకట్టు చెరువుల సంగతి తెలుసు కదా, పై చెరువు అలుగు పారితే కింది చెరువు నిండుతుంది. పై కట్ట తెగితే మాత్రం ఆ నీళ్లన్నీ ఒక్కసారిగా కింది కట్ట మీద పడతాయి, అదీ తెగుతుంది. అంటే ఊరి మీదికి వచ్చింది వాననీళ్లు మాత్రమే కాదు, పల్లెలు వరి కోసం నిలుపుకున్న నీళ్లు కూడా. నగరం ఎందుకు మునిగిందని వెతుక్కుంటూ పోతే సేద్యంలో తేలాం. దీన్ని ఎవరి సిలబస్‌లో పెడదాం?

ఎగువన జలాశయాలు కట్టమన్నారాయన. 1920కి ఉస్మాన్‌సాగర్, 1927కి హిమాయత్‌సాగర్ వచ్చాయి. ఇంజనీరు కథ ఇక్కడికి సుఖాంతమే. కానీ ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ అదే వరదలో తల్లినీ భార్యనూ కూతురినీ పోగొట్టుకున్నారు, దాని మీద కవిత రాశారు. ప్లానింగ్ విద్యార్థులు విశ్వేశ్వరయ్య రిపోర్టు కన్నా ముందు ఆ కవిత చదవాలంటాను. రిపోర్టులో తెగిన కట్టలు కనిపిస్తాయి, మనుషులు కనిపించరు.

ఇంకో కాగితం ఉంది, ఎవరూ తెరవరు. రెవెన్యూ రికార్డు. అందులో ‘శిఖం’ అని ఉంటే అది చెరువు కడుపులోని భూమి. ఎండాకాలంలో వెళ్లి చూస్తే చదునైన మైదానం, లేఅవుట్ వేయడానికి బ్రహ్మాండంగా ఉంటుంది. 2020 అక్టోబర్ వానలకు చెరువుల కడుపులోనూ కిందా వేసిన కాలనీలు ఎలా మునిగాయో మీలో చాలామంది చూసే ఉంటారు.

జంట జలాశయాలను కాపాడాలని 1996లో జీవో 111 తెచ్చి, 84 గ్రామాల్లో నిర్మాణాల మీద ఆంక్షలు పెట్టారు. జలాశయాల వైపు నుంచి చూస్తే సబబే. ఆ ఊళ్ల రైతులు మాత్రం అడుగుతూనే వచ్చారు: సిటీ తాగే నీళ్ల కోసం మా పొలం ధర ఎందుకు పడిపోవాలి? దీనికి హైడ్రాలజీలో జవాబు లేదు, నా దగ్గరా లేదు. ఎకనామిక్స్ వాళ్లు, లా వాళ్లు చెప్పాలి. వాళ్లను ఇవాళ మనం పిలవనేలేదు.