వెళ్లాలి, వెళ్లాలని ఉంది: స్పానిష్‌లో ఎలా చెప్పాలి?

యాంకర్: హలో, చెప్పండి. ఎక్కడి నుంచి?

కాలర్: హన్మకొండ నుంచండి. సెప్టెంబర్‌లో చదువుకి మాడ్రిడ్ వెళ్తున్నా. మేడమ్, 'తెంగో కె', 'ఆయ్ కె', 'దెబో' మూడింటికీ నోట్సులో 'చెయ్యాలి' అనే రాసుకున్నా. ఏది ఎప్పుడు వాడాలో తేలట్లేదు.

టీచర్: బాధ్యత ఎవరి మీద పడుతోందో చూడమ్మా. 'తెంగో కె ఇర్' అంటే నేను వెళ్లాలి, తప్పదు. 'దెబో ఇర్'లో వెళ్లడం నా ధర్మం అన్న ఛాయ ఎక్కువ. 'ఆయ్ కె'కి మాత్రం కర్త ఉండడు. గుడి దగ్గర 'చెప్పులు బయటే విడవాలి' అంటాం చూడు, అలా అందరికీ వర్తించే మాట. మాడ్రిడ్‌లో దిగగానే నీ చెవిన పడేది 'ఆయ్ కె పెదీర్ థీతా', అంటే అపాయింట్‌మెంట్ తీసుకోవాలి. ఆరు నెలలకు మించి ఉండే విద్యార్థులు దిగిన నెలలోపే రెసిడెన్స్ కార్డుకి అప్లై చెయ్యాలి కదా, అందుకూ అదే కావాలి.

కాలర్: ముందు 'నో' పెడితే?

టీచర్: అక్కడ జాగ్రత్త. 'నో తియెనెస్ కె పగార్' అంటే కట్టనక్కర్లేదు. 'నో దెబెస్ పగార్' అంటే కట్టకూడదు.

కాలర్: మరి కోరికలకి 'నాకు కావాలి' అనే 'కియెరో' ఒక్కటీ చాలదా?

టీచర్: స్నేహితుల దగ్గర చాలు. ఆఫీసుల్లో, పెద్దవాళ్లతో 'కిసియెరా' గానీ 'మె గుస్తరీయా' గానీ వాడు, రెండూ మర్యాదగా 'నాకు కావాలని ఉంది' అనడమే. రెండోది మనకి సులువు, ఆ 'మె' అచ్చంగా మన 'నాకు'. బార్‌లో కాఫీకి ఇంత మర్యాద అక్కర్లేదు, 'మె పోనెస్ ఉన్ కఫే?' అని మామూలుగా అడిగేస్తారు.

అసలు చిక్కు ఎదుటివాళ్లు చెయ్యాలని మనం కోరుకున్నప్పుడు. నేను రావాలనుకుంటే 'కియెరో బెనీర్'. నువ్వు రావాలనుకుంటే 'కియెరో కె బెంగాస్'. 'నువ్వు వస్తావు' అనే 'బియెనెస్' కాస్తా 'బెంగాస్' అయిపోయింది. మనకి రెండు చోట్లా 'రావాలని' ఒక్కటే కాబట్టి ఇది తొందరగా పట్టుబడదు. ఇంట్లోవాళ్లకి చెప్పే పనులన్నీ ఇలా మార్చి పైకి అనుకో, నోరు తిరుగుతుంది.

కాలర్: ఇంటి ఓనర్‌ని హీటింగ్ బాగుచేయించమని అడగాలంటే? 'తియెనె కె అర్రెగ్లార్', అంటే మీరు బాగుచెయ్యాలి, అనొచ్చా?

టీచర్: అర్థమవుతుంది గానీ హుకుం వేసినట్టుంటుంది. 'నెథెసీతో కె అర్రెగ్లె లా కలెఫక్థియోన్, పోర్ ఫబోర్' అను, అంటే మీరు హీటింగ్ బాగుచెయ్యడం నాకు అవసరం, ప్లీజ్. ఏదీ, ఒకసారి చెప్పు.

కాలర్: నెథెసీతో కె అర్రెగ్లా...

టీచర్: అర్రెగ్లె. 'బెంగాస్' లాగే ఇదీ మారింది, చివర 'ఎ' పలకాలి.

కాలర్: నెథెసీతో కె అర్రెగ్లె లా కలెఫక్థియోన్.

టీచర్: అంతే. 'పోర్ ఫబోర్' మాత్రం వదలకు.