పీఎస్పీలో సినిమా, పాట

శ్రోతలకు నమస్కారం. కాగితం, పెన్ను దగ్గర పెట్టుకోండి. కొన్ని అంకెలు చెబుతాను. అవసరమైనవి రెండుసార్లు చెబుతాను.

సోనీ వారి చేతిలో పట్టుకుని ఆడుకునే ఆటల యంత్రం ప్లేస్టేషన్ పోర్టబుల్, అదే పీఎస్పీ, 2004 డిసెంబరులో జపాన్‌లో విడుదలైంది. 2014లో దాని కథ ముగిసింది. అయినా చాలా ఇళ్లలో ఏ సొరుగులోనో పడుందది, పాత సామాను అమ్మే చోట్ల ఇప్పటికీ దొరుకుతోంది. ఆటలు ఎలాగూ ఆడతారు. దాంట్లో సినిమా చూడబోయేసరికే చిక్కొస్తుంది. కంప్యూటర్లో చక్కగా ఆడే ఎంపీ4 ఫైలు పీఎస్పీలో పెడితే ‘ఈ డేటాకు సపోర్ట్ లేదు’ అంటుంది. అదీ ఎంపీ4యే, ఇదీ ఎంపీ4యే, మరి ఏమిటి తేడా?

ఎంపీ4 అనేది ఉత్త డబ్బా. పైన చీటీ ఒకటే అయినా లోపల పప్పు ఉండొచ్చు, బెల్లం ఉండొచ్చు. పీఎస్పీ ఆ డబ్బా మూత తీసి నాలుగు విషయాలు చూస్తుంది: బొమ్మ కొలత, బొమ్మను కుదించిన పద్ధతి, సెకనుకు ఎన్ని ఫ్రేములు, శబ్దం ఏ రకం. నాలుగింట్లో ఒక్కటి నచ్చకపోయినా ఫైలును పక్కన పెట్టేస్తుంది.

ముందు కొలత. పీఎస్పీ తెర 480 బై 272 పిక్సెళ్లు, అంటే చుక్కలు. మళ్లీ చెబుతున్నాను, అడ్డం 480, నిలువు 272. ఈ రెండు అంకెలూ 16తో నిశ్శేషంగా భాగించబడతాయి: 30 పదహార్లు 480, 17 పదహార్లు 272. వీడియోను 16 బై 16 గళ్లుగా కోసి కుదిస్తారు కాబట్టి ఈ లెక్క దానికి సుఖం.

ఇప్పుడు ఒక సినిమా తీసుకుందాం. సినిమాస్కోప్ సినిమా, రెండున్నర గంటలు, 1920 బై 816 కొలతలో ఉన్న ఫైలు. నాలుగో వంతుకు తగ్గిస్తే అడ్డం 480, నిలువు 204. అడ్డం అతికినట్టు సరిపోయింది. నిలువుకు 272 కావాలి, 68 గీతలు తక్కువయ్యాయి. చాలామంది ఇక్కడే బొమ్మను సాగదీసి 272 చేసేస్తారు. హీరో వెదురుబొంగులా తయారవుతాడు. అలా చేయకండి. పైన 34, కింద 34 గీతల నల్ల పట్టీలు కలపండి. 34, 204, 34, మొత్తం 272. బొమ్మ రూపం చెడదు, పీఎస్పీ అడిగిన కొలతా కుదిరింది.

అదే 1920 బై 1080 వీడియో అయితే నాలుగో వంతు 480 బై 270. ఆ రెండు గీతల తేడాకు సాగదీసినా ఎవరి కంటికీ ఆనదు. పాత టీవీ కార్యక్రమాల్లాంటి చదరపు బొమ్మలకు 360 బై 272 చేసి, అటు 60, ఇటు 60 పట్టీలు పెట్టండి.

ఈ పని చేయడానికి హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ చాలు. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింట్లోనూ నడుస్తుంది. ఫార్మాట్ ఎంపీ4. కొలతల పేజీలోనే బోర్డర్స్ అని ఉంటుంది, నల్ల పట్టీలు అక్కడ. వీడియో పేజీలో కుదించే పద్ధతి హెచ్ 264, ప్రొఫైల్ మెయిన్, లెవెల్ 3.0. సగటు బిట్‌రేటు, అంటే సెకను వీడియోకు వాడే డేటా, 768 కిలోబిట్లు. ఫ్రేములు సినిమాకైతే ఉన్నవి ఉన్నట్టే, 24 ఉంటే 24. ఫోన్లో తీసిన 60 ఫ్రేముల వీడియో అయితే 30కి తగ్గించాలి. ఏదైనా సరే, ‘కాన్‌స్టాంట్’ అన్నదానికి టిక్ పెట్టండి. ఫోన్ వీడియోల్లో ఫ్రేముల వేగం ఎక్కువ తక్కువలవుతూ ఉంటుంది. దాన్ని అలాగే వదిలేస్తే పది నిమిషాలయ్యేసరికి మాట ఒకచోట, పెదవి ఒకచోట.

అదనపు ఆప్షన్ల గడిలో బీ-పిరమిడ్ అనే కుదింపు కిటుకును ఆపేయండి, ‘నన్’ అని రాయాలి. పెద్ద యంత్రాలకు అది మేలే, పీఎస్పీకి మాత్రం పడదు. వెయిట్-పీ అని అలాంటిదే ఇంకోటి, దాన్నీ సున్నా చేస్తే పోయేదేమీ లేదు.

శబ్దం ఏఏసీ, స్టీరియో, 48 కిలోహెర్ట్జ్, 128 కిలోబిట్లు. హెచ్ఈ-ఏఏసీ అని ఇంకో రకం కనిపిస్తుంది, దాని జోలికి వెళ్లొద్దు. ఆరు చానెళ్ల శబ్దాన్ని రెండుకు దించడం తప్పనిసరి.

బొమ్మకు 768, శబ్దానికి 128 కలిపితే సెకనుకు 896 కిలోబిట్లు. రెండున్నర గంటలంటే 9000 సెకన్లు. గుణించి, బిట్లను బైట్లు చేయడానికి 8తో భాగిస్తే ఫైలు సుమారు 1 జీబీ. పీఎస్పీలో పెట్టే 4 జీబీ మెమరీ కార్డులో మూడు సినిమాలు పడతాయి. కొందరు 720 బై 480లో చేస్తారు, పీఎస్పీ అదీ ఆడిస్తుంది. కానీ ఆ తెర మీద దానివల్ల ఒరిగేదేమీ లేదు, కార్డు నిండడం తప్ప. 2000, 3000 మోడళ్లను టీవీకి తగిలించి చూసేవాళ్లకైతే ఆ కొలతకు అర్థముంది.

సినిమా మొత్తం ఒకేసారి మార్చకండి. హ్యాండ్‌బ్రేక్‌లో సెకన్ల లెక్కన ముక్క ఎంచుకునే వీలుంది. మొదటి 60 సెకన్లు మార్చి, పీఎస్పీలో వేసి చూడండి. ఆడితే మిగతాది.

కార్డును పీఎస్పీలోనే ఫార్మాట్ చేయండి. దాంట్లో దాచుకున్న ఆటలు పోతాయి, ముందే కాపీ తీసుకోండి. కార్డు మొదటి మెట్టులోనే, ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లో వీడియో అన్న ఫోల్డర్ ఉండాలి. సినిమా అందులోకి. పీఎస్పీ లోపలి సాఫ్ట్‌వేర్ పాతదైతే ఈ ఫోల్డర్ని పట్టించుకోదు, 480 బై 272నూ ఒప్పుకోదు. ముందు సిస్టమ్ అప్‌డేట్ చేసుకోండి. ఇంకో కిటుకు: హ్యాండ్‌బ్రేక్ ఒక్కోసారి ఫైలు చివర ఎం4వీ అని తగిలిస్తుంది. దాన్ని ఎంపీ4గా మార్చండి. ఇంత కష్టపడ్డాక ఫైలు కనిపించకపోవడానికి తోకలో ఆ ఒక్క ముక్కే కారణం కావచ్చు.

సబ్‌టైటిళ్లు విడి ఫైలుగా ఇస్తే పీఎస్పీ చదవదు. మార్చేటప్పుడే బొమ్మలో కలిపేయాలి, దాన్ని ‘బర్న్ ఇన్’ అంటారు. నాలుగంగుళాల తెర కదా, అక్షరం కాస్త పెద్దదిగా పెట్టండి.

పాటల పని తేలిక. ఎంపీ3 ఫైళ్లను మార్చకుండానే మ్యూజిక్ అన్న ఫోల్డర్లో వేయండి. అందులో ఆల్బమ్‌కో ఫోల్డర్ పెట్టుకోవచ్చు. ఆ ఫోల్డర్లో మళ్లీ ఫోల్డర్ పెడితే మాత్రం లోపలి పాటలు కనిపించవు. ఒక్క మెట్టే.

మన తెలుగు శ్రోతలకు ఒక మాట. పీఎస్పీలో తెలుగు అక్షరాలు లేవు. ఫైలు పేరు తెలుగులో ఉన్నా, పాట లోపలి ట్యాగులు, అంటే ఫైల్లో దాచిన పాట పేరు, గాయకుల పేర్లు, తెలుగులో ఉన్నా సరిగ్గా కనపడవు. మంచి పాటకు పేరే లేకుండా పోతుంది, అది నాకు నచ్చదు గానీ చేసేదేం లేదు. ఎంపీ3ట్యాగ్ లాంటి సాఫ్ట్‌వేర్‌తో పేర్లన్నీ ఇంగ్లీషు అక్షరాల్లోకి మార్చుకోండి. వీడియోలో కలిపేసిన తెలుగు సబ్‌టైటిళ్లకు ఈ బాధ లేదు, అవి బొమ్మలో భాగమే కనుక.

పాట మొదలయ్యాక తెర కింద ఉన్న డిస్‌ప్లే బటన్ని 5 సెకన్లకు పైగా నొక్కి పట్టండి. తెర ఆరిపోతుంది, పాట ఆగదు, బ్యాటరీ మిగులుతుంది. తర్వాత పక్కనున్న పవర్ స్విచ్‌ను హోల్డ్ వైపు, అంటే కిందికి జరిపి జేబులో వేసుకోండి. పొరపాటున పైకి జరిపారో, యంత్రం నిద్రలోకి పోతుంది, పాటా ఆగుతుంది.